గోడమీది జింక తల

మన పావగడ తాలూకాలో పాతకాలపు మిద్దె ఇండ్లు నాలుగు చూసినవారికి ఈ సంగతి తెలిసే ఉంటుంది. నడవలో, తాతగారి పటానికి కొంచెం పైన, ఒక జింక తలో, ఒక కొమ్ముల జతో, అరుదుగా ఒక చిరుత తోలో వేలాడుతూ ఉంటుంది. అది ఎప్పుడు వచ్చినదో ఇంట్లో ఒకరు ఒక తీరుగా చెబుతారు, ఇంకొకరు మరొక తీరుగా చెబుతారు. ఏడాది పొడుగునా దానివైపు ఎవరూ చూడరు. పండుగో పెండ్లో వచ్చినప్పుడు గోడకు సున్నం కొడతారు, తలుపులకు రంగు వేస్తారు, పటాలు తుడుస్తారు. అప్పుడు అందరి కండ్లూ ఆ తలమీద పడతాయి. గోడ తెల్లబడినకొద్దీ అది మరింత పసుపుగా కనబడుతుంది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు, "ఏమత్తా, ఇది ఇంత పసుపు తిరిగి ఉండాదే, సబ్బు నీళ్లతో కడుగుదామా?" అని అడుగుతుంది. అత్తగారు, "కడుగమ్మా, మామయ్య చూసేలోపల ఆరిపోవాల" అంటుంది.

ఆ అత్తాకోడండ్లకు ఈ నెల జవాబు చెప్పదలచుకొన్నాము. చివరిదాకా చదివే తీరిక లేనివారికోసం జవాబు ముందే చెబుతాము. కడగవద్దు. బట్టతో గట్టిగా తుడవనూ వద్దు, బయటికి తెచ్చి దులపనూ వద్దు. ఎందుకో తెలిసినవారికి, ఏమి చేయవచ్చునో కూడా తెలుస్తుంది. అందుచేత తీరిక ఉన్నవారు ముందుకు చదవవలెనని మనవి.

మా నిడుగల్లు చిన్న ఊరైనా చరిత్ర ఉన్న ఊరు. నిడుగల్లు చోళులని శాసనాలలో పేరుపడిన వంశమువారికి ఈ దుర్గమే రాజధాని. కన్నడ రాజ్యంలో ఉన్నాము, చుట్టూ ఎటు నడిచినా కాసేపటికి ఆంధ్రదేశమే వస్తుంది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. ఒకే జంతువును మనము ఇంట్లో ఎలుగుగొడ్డు అంటాము, అర్జీలో కరడి అని రాస్తాము. ఆ ఎలుగులూ చిరుతలూ తుమకూరు జిల్లా బండకొండలలో ఈనాటికీ ఉన్నవి. పక్కనున్న మధుగిరి తాలూకా మైదనహళ్లి దగ్గర గడ్డిబీళ్లలో కృష్ణజింకలు మందలుగా తిరుగుతున్నవి. ఆ ప్రదేశాన్ని 2007లో జయమంగలి కృష్ణమృగ సంరక్షణ ప్రదేశంగా ప్రకటించారు. కాబట్టి గోడమీది తల ఏ దూరదేశపు వింత జంతువుదో కాదు. మన పొలం గట్టున మేసిన జింకదే.

దాన్ని శుభ్రం చేయడమంటే ఏమిటో తెలియాలంటే, అది ఎట్లా తయారైనదో ముందు తెలియాలి. చాలామంది జంతువును అట్లాగే ఎండబెట్టి, లోపల గడ్డి కూరి పెట్టారనుకొంటారు. మంచి పని అట్లా జరగదు. తోలు ఒలిచి, కొవ్వు గీకి, పదును చేసి, ఆ జంతువు ఆకారంలో ముందుగా తయారుచేసిన ఒక బొమ్మమీద తొడుగుతారు. కండ్లు గాజువి. నాలుక, చిగుళ్లు, ముక్కు మైనంతోనో మరొక ముద్దతోనో తీర్చి రంగు వేసినవి. అసలు జంతువుది మిగిలేది తోలు, వెంట్రుకలు, కొమ్ములు, గోళ్లు, పండ్లు, కొన్నిటిలో పుర్రె. ఇంగ్లీషులో టాక్సిడెర్మీ అంటారు. గ్రీకు మాటలను విడదీస్తే తోలును అమర్చడమని అర్థం. మాట సరిగానే ఉన్నది.

ఈ పనిలో ప్రపంచమంతా ఎరిగిన కార్ఖానా మన రాజ్యంలోనే, మైసూరులో ఉండేది. యూజీన్ వాన్ ఇంజెన్ అనే ఆయన 1900 ప్రాంతంలో దాన్ని స్థాపించాడు. దక్షిణాఫ్రికాలో ఇంగ్లీషువారితో పోరాడిన బోయరు సేనానుల పేర్లు కొడుకులకు పెట్టుకొన్నాడు. బోతా, డి వెట్, జూబర్ట్ అనే ఆ కొడుకులు తండ్రి తరువాత కార్ఖానాను నడిపించారు. మైసూరు మహారాజులు మొదలు తెల్లదొరలదాకా వేటాడిన పులులూ చిరుతలూ కాటిపోతులూ అక్కడికే వెళ్లేవి. ఆ కార్ఖానా చరిత్రను పాట్ మారిస్ అనే ఇంగ్లీషు పరిశోధకుడు పుస్తకంగా రాశాడు. ఆయన లెక్కప్రకారము పులులు, చిరుతలు కలిపి అక్కడ 43,000కు పైగా తయారైనవి. 2022లో మన దేశంలో జరిగిన గణనలో అడవిలో బ్రతికి ఉన్న పులులు సగటు అంచనాకు 3,682. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసుకొన్నవారికి మేము వేరే వ్యాఖ్యానం చేయనక్కరలేదు. వేట ఆగిపోయిన తరువాత ఆ పనికి గిరాకీ పోయింది. 1999లో కార్ఖానా మూతబడింది. జూబర్ట్ వాన్ ఇంజెన్ నూరేండ్లు నిండిన తరువాత 2013లో కాలం చేశాడు.

వారి పనిలో లోపలి బొమ్మ కాగితపు గుజ్జుతో చేసినది. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకొంటే సబ్బు నీళ్ల ప్రశ్న సగం తీరిపోతుంది. సంక్రాంతికో దసరాకో బొమ్మలకొలువు పెట్టే ఇండ్లలో కాగితపు గుజ్జు బొమ్మను తడిపితే ఏమవుతుందో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మెత్తబడుతుంది, ఉబ్బుతుంది, ఆరిన తరువాత ముక్కు ఒకవైపుకు, చెవి ఒకవైపుకు పోతుంది. జింక తలకు అంతకన్న పెద్ద బాధ ఉన్నది. పైన తొడిగిన తోలు తడిసి ఆరేటప్పుడు ముడుచుకొంటుంది. లోపలి బొమ్మ ఉబ్బి, పైతోలు ముడుచుకొంటే పెదవుల దగ్గర, కండ్ల దగ్గర, కుట్టు వేసినచోట పగులుతుంది. అత్తగారు మామయ్య చూసేలోపల ఆరాలన్నది కదా. ఆరుతుంది, ఆరిన తరువాత మామయ్య చూడకుండా దాచడమే కష్టం.

ఇక పసుపు సంగతి. పసుపు అంతా ఒకే పసుపు కాదు. డాక్టరు జ్వరమని వినగానే మందు ఇవ్వడు కదా, ఏ జ్వరమో చూస్తాడు. ఇదీ అంతే. పాత తలమీద కనబడే పసుపుకు నాలుగు కారణాలున్నవి.

మొదటిది పొగ, దుమ్ము. కట్టెపొయ్యి పొగ, కిరసనాయిలు దీపపు మసి, అగరువత్తి, సాంబ్రాణి, ఇవన్నీ ఏండ్ల తరబడి వెంట్రుకలమీద సన్నని పొరగా కూర్చొంటాయి. ఇది పైనుండి వచ్చిన పసుపు. కొంతవరకు పోతుంది.

రెండవది కొవ్వు. తోలు పదును చేసేటప్పుడు పూర్తిగా గీకని కొవ్వు లోపలనుండి మెల్లగా ఊరుతుంది. గాలి తగిలి పసుపై, గోధుమరంగై, జిగటగా తయారవుతుంది. ఊరగాయ జాడీ మూతచుట్టూ పాత నూనె పట్టినట్లు ఉంటుంది. చెవుల మొదట్లో, కండ్లచుట్టూ, పక్షులైతే కాళ్లదగ్గర ముందు కనబడుతుంది. ఇది లోపలనుండి వచ్చిన పసుపు. పైన తుడిస్తే ఈ నెల పోయి వచ్చే ఏడు మళ్లీ వస్తుంది.

మూడవది వెలుతురు. ఎండ తగిలేచోట వేలాడదీసిన తలలో నల్లరంగు వెలిసి ఎర్రబారుతుంది, తెల్లరంగు పసుపు తిరుగుతుంది. కృష్ణజింక మగదానికి వీపు నలుపు, పొట్టా కండ్లచుట్టూ తెలుపు. ముప్పై ఏండ్లు కిటికీకి ఎదురుగా ఉంటే నలుపు మట్టిరంగవుతుంది, తెలుపు మీగడరంగవుతుంది. వెంట్రుకలోని పదార్థమే మారిపోయింది కాబట్టి ఏ సబ్బూ దీన్ని వెనక్కు తీసుకురాదు. ఎండకు పెట్టిన తెల్లని ఉన్ని శాలువ పసుపెక్కడం ఎరిగినవారికి ఇది కొత్త సంగతి కాదు. రెండూ వెంట్రుకలే.

నాలుగవది వార్నీషు. ముక్కు, పెదవులు, కొమ్ములు తళతళలాడాలని పూసిన పాత వార్నీషు తానే పసుపెక్కుతుంది. ఇక్కడ పసుపు తిరిగినది జంతువు కాదు, మనిషి పూసిన పూత.

ఈ నాలుగింటిలో ఇంటివారు కొంచెమైనా తీయగలిగినది మొదటిదొక్కటే. మిగిలిన మూడింటినీ కలిపి తెల్లగా చేయాలనుకొన్నవారు చివరకు చేరేది బ్లీచింగ్ పౌడరు దగ్గరికో, హైడ్రోజన్ పెరాక్సైడు సీసా దగ్గరికో. బ్లీచింగ్ నీళ్లలో ఉన్నిదారం ముక్క ఒకటి వేసి చూడండి. తెల్లబడుతుందేమోనని మనము చూస్తూ ఉండగానే కరిగిపోతుంది. పెరాక్సైడు అంత తొందరపడదు కానీ, వెంట్రుకను గట్టిగా నిలిపే బంధాలను తెంచుతుంది. వెంట్రుక తెల్లబడుతుంది, ఆ తరువాత చేయి తగిలితే విరుగుతుంది. కొందరు కొమ్ములకు కొబ్బరినూనె పూస్తారు. నాలుగు రోజులు నిగనిగలాడుతుంది. ఐదవ రోజునుండి ఇంటిలోని దుమ్మంతా అక్కడే చేరుతుంది.

ఇంతవరకు చెప్పినది వస్తువుకు జరిగే నష్టం. ఇప్పుడు చెప్పబోయేది మనుషులకు జరిగే నష్టం. దయచేసి దీన్ని ఇంట్లో పెద్దలకు చదివి వినిపించండి.

పూర్వము తోళ్లను పురుగులు తినకుండా కాపాడడానికి పాషాణం వాడేవారు. ఫ్రాన్సు దేశంలో మెట్జ్ పట్టణపు బెకూర్ అనే మందుల వ్యాపారి పద్దెనిమిదవ శతాబ్దంలో తెల్లపాషాణం, సబ్బు, కర్పూరం, సున్నం మొదలైనవి కలిపి ఒక ముద్ద తయారుచేశాడు. తోలు లోపలివైపు దాన్ని పూస్తే పురుగు దగ్గరికి రాదు. ఆయన బ్రతికి ఉన్నంతకాలం ఆ పాకం ఎవరికీ చెప్పలేదు. ఆయన పోయిన తరువాత అది ప్రపంచమంతా పాకింది. ఇరవయ్యవ శతాబ్దం చివరి భాగందాకా చాలాచోట్ల వాడుతూనే ఉన్నారు. పాదరసపు లవణాలూ వాడేవారు. పాషాణం కాలంతోపాటు చెడిపోయే వస్తువు కాదు. నూరేండ్ల కిందట పూసినది నూరేండ్ల తరువాత కూడా పాషాణమే. తోలు ఎండి పొడిపొడి అయినప్పుడు ఆ పొడి దుమ్ముతో కలిసి వెంట్రుకలలోకి, పీఠంమీదికి, కింద నేలమీదికి చేరుతుంది. కుట్ల దగ్గర, కండ్ల మూలల్లో తెల్లని పొడి కనబడితే ఉప్పు పూసిందని కొట్టిపారేయకూడదు. ఏమీ కనబడకపోయినా లేదని చెప్పడానికి వీలులేదు. ఉన్నదా లేదా అని కంటితో తేల్చలేము. మ్యూజియాలవారు ఎక్స్-కిరణాలతో పనిచేసే చిన్న యంత్రం పట్టుకొని పరీక్షిస్తారు. అటువంటి పరీక్ష జరిగేదాకా ప్రతి పాత తలలోనూ విషమున్నదనే అనుకొని నడుచుకోవడం వారి నియమం. మనకు అంతకన్న మంచి నియమం ఏమున్నది?

ఇప్పుడు పండుగ ముందటి దృశ్యం ఒకసారి తలచుకోండి. తలను దింపి, పెరట్లో అరుగుమీద పెట్టి, చీపురుకట్టతో దులుపుతారు. పక్కన పిల్లలు చుట్టూ చేరి చెవులు పట్టి లాగుతారు, గాజుకండ్లను వేలితో పొడుస్తారు, అదే చేత్తో చెక్కిలం తింటారు. అదే దుమ్మును ఇంట్లోనే మామూలు వాక్యూమ్ క్లీనరుతో లాగేవారూ ఉన్నారు. అది సన్నని పొడిని ముందునుండి పీల్చి వెనుకనుండి గదంతా ఊదుతుంది. చెడు ఉద్దేశం ఎవరికీ లేదు. శుభ్రం చేస్తున్నామనే అందరూ అనుకొంటారు. అందుకే ఈ మాట ఇంత విడమరిచి చెప్పవలసి వచ్చింది.

మరి ఏమీ చేయకూడదా? చేయవచ్చును. తెలిసినవారు ఏ క్రమంలో చేస్తారో చెబుతాము. ఇంటివారు ఎక్కడిదాకా పోవచ్చునో కూడా అందులోనే తెలుస్తుంది.

మొదట ఫొటోలు తీయాలి. ముందు, వెనుక, రెండు పక్కలా, పీఠం వెనుక ఉన్న చీటీ దగ్గరగా ఒకటి. మైసూరు పనివారి వస్తువులకు వెనుక వారి పేరుతో చీటీ ఉంటుంది. తమను తాము టాక్సిడెర్మీ కళాకారులని అందులో రాసుకొన్నారు. ఆ చీటీ మురికిగా ఉన్నదని గీకి తీసివేసినవారున్నారు. గుమాస్తా పని చేసేవారిగా మేము ఒక మాట చెబుతాము. ఫైలులో కాగితాలన్నీ ఉండి అట్టమీద నంబరు చిరిగిపోతే ఆ ఫైలు ఉన్నట్లా, లేనట్లా? ఆ చీటీ ఈ జింకకు ఫైలు నంబరు.

రెండవది పురుగు పట్టినదేమో చూడడం. కింద వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా రాలి ఉన్నా, రవ్వవంటి పొడి పడి ఉన్నా, ఎండిన పురుగుపొట్టు కనబడినా లోపల తోలుపురుగో చిమ్మటో ఉన్నట్లే. కలరా ఉండలు పక్కన కడితే ఇంటికి వాసన వస్తుంది కానీ, లోపల చేరిన పురుగు చావదు. మ్యూజియాలలో ఆ వస్తువును పాలిథీను సంచిలో గాలి చొరకుండా కట్టి, సున్నాకు 20 డిగ్రీల కిందికి చల్లబరచిన పెట్టెలో రెండు వారాలు పెడతారు. ఇది విని ఎవరైనా ఇంటి ఫ్రిజ్జిలో పాలగిన్నె పక్కన పెట్టబోయేరు. ఎంతమాత్రము పెట్టరాదు. పాషాణం సంగతి ఇప్పుడే చెప్పుకొన్నాము. పురుగు పట్టినదని తెలిస్తే సంచిలో కట్టి వేరే గదిలో పెట్టి, తెలిసినవారిని అడగడమే ఇంటివారి పని.

మూడవది దుమ్ము తీయడం. చేతులకు తొడుగులు, ముక్కుకు సన్నని పొడిని ఆపే మాస్కు, వదులుగా ఉన్న పాతబట్టలు. పిల్లలు, కుక్క, పిల్లి ఆ చుట్టుపక్కల ఉండకూడదు. మెత్తని కుంచెతో వెంట్రుక వాలినవైపే, ముక్కునుండి మెడవైపు, మెల్లగా తోయాలి. ఆ తోసిన దుమ్ము గాలిలోకి లేవకుండా, సన్నని పొడిని కూడా పట్టి ఉంచే ప్రత్యేకమైన జల్లెడ ఉన్న యంత్రపు గొట్టాన్ని పక్కనే పట్టుకోవాలి. గొట్టం మూతికి పలుచని వలబట్ట కట్టితే ఊడివచ్చిన చెవిముక్కో, కనురెప్ప వెంట్రుకో లోపలికి పోదు. అటువంటి యంత్రం లేని ఇంట్లో పని ఇక్కడితో ఆపడం మంచిది. తలను ఎండ తగలని గోడకు మార్చి, ఎవరి చేతికీ అందనంత ఎత్తున పెట్టి ఊరుకొంటే చాలా మేలు చేసినట్లే.

నాలుగవది తడి పని. ఇది శిక్షణ పొందినవారిదే. స్వేదనజలంలో ఆల్కహాలు కలిపి, దూదిని ముంచి, దాదాపు పొడిగా అయ్యేదాకా పిండి, వెంట్రుకమీద దొర్లిస్తారు. రుద్దరు. ముందుగా కనబడనిచోట, చెవివెనుకో గడ్డంకిందో, ఒక రూపాయంత జాగాలో చేసి చూసి, రంగు దిగకపోతేనే ముందుకు పోతారు. దూది మురికి కాగానే పారవేస్తారు. ఆ దూది కూడా విషమే, ఆవులు తిరిగే చెత్తకుప్పలో వేసేది కాదు. వాడిన తరువాత చేతులు సబ్బుతో కడగడం వేరే చెప్పనక్కరలేదు.

వెలుతురుకు వెలిసిన రంగు సంగతేమిటని అడగవచ్చును. న్యూయార్కులోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో 1942లో తెరిచిన ఉత్తర అమెరికా జంతువుల హాలు ఒకటి ఉన్నది. దీపాల వెలుతురుకు అక్కడి జంతువుల రంగులు వెలిసిపోతే, 2011, 2012 సంవత్సరాలలో వాటిని బాగుచేశారు. వారు కడిగి తెల్లగా చేయలేదు. వెలిసిన వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకోకుండా పలుచని రంగును పొగమంచువలె చల్లి, జంతువు అసలు రంగు ఎంతో అంతవరకే తెచ్చి ఆపారు. ఉన్నదాన్ని తీయకుండా, పోయినదాన్ని పైన కొంచెం కలపడం వారు పట్టిన పద్ధతి. చుట్టూ దీపాలు మార్చి వేడి తగ్గించారు. కారణాన్ని అట్లాగే ఉంచి రోగానికి మందు వేస్తే లాభమేమి?

ఉన్నదాన్ని తీయకుండడంలో ఎంత లాభమున్నదో చెప్పే కథ ఒకటున్నది. దక్షిణాఫ్రికాలో క్వాగ్గా అనే జంతువు ఉండేది. ముందుభాగం చారల గాడిదవలె, వెనుకభాగం చారలు లేకుండా ఉండేది. వేటాడి వేటాడి అంతం చేశారు. చివరిది 1883లో ఆమ్‌స్టర్‌డాం జంతుశాలలో చచ్చిపోయింది. మిగిలినవి కొన్ని మ్యూజియాలలో పాత తోళ్లు మాత్రమే. జర్మనీలో మైన్జ్ పట్టణపు మ్యూజియంలో ఉన్న వాటిని రైన్‌హోల్డ్ రావ్ అనే పనివాడు విప్పి కొత్తగా అమర్చాడు. తోలు లోపలివైపు, పాతకాలపు పనివాడు సరిగా గీకకుండా వదిలిన ఎండిన మాంసం తునకలు ఆయనకు కనబడినవి. అశ్రద్ధగల పని అనుకొని పారవేయవలసిన చెత్త అది. ఆయన పారవేయలేదు, దాచిపెట్టాడు. ఆ మ్యూజియపు తోలునుండి తీసిన ఎండిన తునకలో జంతువు వంశలక్షణాలు రాసి ఉన్న డి.ఎన్.ఏ. ఇంకా మిగిలి ఉన్నదని 1984లో అమెరికా శాస్త్రజ్ఞులు చూపించారు. అంతరించిన జంతువునుండి డి.ఎన్.ఏ. తీసి చదవడం ప్రపంచంలో అదే మొదలు. క్వాగ్గా మామూలు చారల గాడిదకు చాలా దగ్గరి బంధువని ఆ దారిలోనే తేలింది. ఎవరో శుభ్రంగా కడిగి ఉంటే ఈ సంగతి మనకు ఎప్పటికీ తెలిసేది కాదు.

మన గోడమీది జింక అంత గొప్పది కాదనవచ్చును. కానీ ఈ దేశంలో చీటా అనే వేటపులి అంతరించిందని 1952లో ప్రకటించినప్పుడు, ఏ ఇంట్లో ఏ తోలు ఉన్నదో, ఏ ఊరి గడ్డిబీటినుండి వచ్చినదో చెప్పగల కాగితాలు ఎన్ని మిగిలినవి? ఏ కాలంలో ఏ జంతువు ఏ కొండమీద తిరిగినదో చెప్పే సాక్షులు ఇప్పుడు ఇటువంటి తోళ్లే. 2016 ఏప్రిల్ 26న ఢిల్లీలోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం కాలిపోయినప్పుడు అటువంటి సాక్షులు ఎన్నో ఒక్క రాత్రిలో బూడిదైనవి. నిప్పు ఒక్క రాత్రిలో చేసినదాన్ని సబ్బూ చీపురూ నిదానంగా చేస్తాయి. నిదానంగా చేస్తాయి కాబట్టి పత్రికలకెక్కదు.

ఇక చట్టం సంగతి చెప్పకుండా ఈ శీర్షిక ముగించకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారము ఇటువంటి తల, తోలు, కొమ్ములు అన్నీ ట్రోఫీలు. కృష్ణజింక, చిరుత, ఎలుగు, పులి ఇవన్నీ మొదటి షెడ్యూలులో ఉన్నవి. చట్టం రాకముందే తాతగారు సంపాదించినదైనా, చీఫ్ వైల్డ్ లైఫ్ వార్డెనుకు తెలియపరచి యాజమాన్య సర్టిఫికెట్టు తీసుకొని ఉండవలె. సర్టిఫికెట్టు ఉన్నా అమ్మరాదు. తండ్రినుండి కొడుకుకు వారసత్వంగా వచ్చినప్పుడు 90 రోజులలో తెలియపరచవలె. తోళ్లను పదునుచేసి నిలవచేసే పని వృత్తిగా చేసేవారికి లైసెన్సు ఉండవలె. కాబట్టి సంతలో కలిసిన ఎవరో "నేను బాగుచేసి ఇస్తాను సామీ" అంటే, లైసెన్సు చూపించమని అడగడం మన హక్కు, మన క్షేమం కూడా. 2023 అక్టోబరులో బెంగుళూరులో టీవీ కార్యక్రమానికి పులిగోరు గొలుసు వేసుకొనిపోయిన ఒకాయనను ఫారెస్టువారు పట్టుకొన్నారు. అప్పటినుండి మన ప్రాంతంలో ఎందరో తమ గొలుసులనూ గోడలనూ తిరిగి చూసుకొన్నారు. కాగితం లేనివారు తలను మెరుగుపెట్టినంత మాత్రాన కాగితం పుట్టదు. అటువంటివారు వకీలును ఒకరిని అడిగి, ఫారెస్టు రేంజి ఆఫీసుకు తామే పోవడం మేలు. సర్టిఫికెట్టు ఉండి, ఇంట్లో ఉంచుకోలేమనుకొన్నవారు ప్రభుత్వానికి అప్పగించవచ్చును. 2022 సవరణలో అందుకు దారి పెట్టారు. పైకం మాత్రం రాదు.

బాగుచేయించదలచుకొన్నవారు ముందు ఆ ఆఫీసు ద్వారానే అడగవలె. మైసూరులో కారంజి కెరె దగ్గర 1995లో ప్రారంభమైన ప్రాంతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియం ఉన్నది. ముంబయిలో సంజయ్ గాంధీ జాతీయోద్యానవనంలో 2009లో ఈ పనికోసమే ఒక కేంద్రం ప్రారంభించారు. అక్కడ డాక్టరు సంతోష్ గాయక్వాడ్ అనే పశువైద్య అధ్యాపకులు, జంతుశాలలలోనూ అడవిలోనూ తమంతట తాము చచ్చిపోయిన పులులను, సింహాలను, పక్షులను మాత్రమే తీసుకొని పిల్లలు చూసి నేర్చుకొనడానికి అమర్చి పెట్టారు. వేటకోసం పుట్టిన విద్య చదువుకోసం నిలిచింది. ఇది సంతోషించవలసిన మార్పు.

ఇంట్లో తలా తోలూ ఉన్న మన సంఘ సభ్యులు ఈ నెల ఒక పని చేయవచ్చును. దానికి నీళ్లూ సబ్బూ అక్కరలేదు. ఒక తెల్లకాగితం తీసుకొని, ఇంట్లో అందరికన్న పెద్దవారి దగ్గర కూర్చొని అడగండి. ఇది ఏ జంతువు, ఎవరు తెచ్చారు, ఏ కొండనుండి, ఏ ఏట, ఎవరు అమర్చారు, సర్టిఫికెట్టు ఉన్నదా, ఉంటే ఏ పెట్టెలో ఉన్నది. ఏడు తేదీ చెప్పలేకపోతే, "ఏ కరువుకు ముందు? ఎవరి పెండ్లికి తరువాత?" అని అడిగితే చెబుతారు. తెలుగులో రాసినా సరే, కన్నడంలో రాసినా సరే. అడుగున రాసినవారి పేరు, తేదీ వేసి, ఇంటి దస్తావేజులతోపాటు ఒక ప్రతి, గోడమీది తల ఫొటోతోపాటు ఒక ప్రతి పెట్టండి. ఆ వివరాలు తెలిసినవారు ఇంటికి ఒకరో ఇద్దరో మిగిలి ఉంటారు, వారి వయసు మీకు మాకన్న బాగా తెలుసు. పసుపు మరి పదేండ్లు అట్లాగే ఉన్నా కొంప మునగదు. ఈ కాగితం మాత్రం ఈ నెలలోనే రాసిపెట్టవలెనని మా కోరిక.